పడవలో మరుగుదొడ్డి: ఎంపిక, సంరక్షణ

నదిలో గాని, కాలువలో గాని, సముద్రంలో గాని కొన్ని గంటలకు మించి మనుషులను మోసే ప్రతి పడవలోనూ మరుగుదొడ్డి అవసరమే. అది ఎటువంటిదై ఉండాలి, ఏర్పాటు చేసిన తరువాత దాన్ని ఏళ్ళ తరబడి ఎలా కాపాడుకోవాలి అన్నదే ఈనాటి ప్రసంగ విషయం. పడవ కట్టించేవారు ఇంజను గురించి, చెక్క గురించి, పైకప్పు గురించి నెలల తరబడి విచారిస్తారు గాని, మరుగుదొడ్డి మాట వచ్చేసరికి దుకాణంలో కనిపించిన కమోడ్‌ను తెచ్చి, దాని కింద ఒక గొట్టం బిగించి, ఆ గొట్టం రెండో కొసను నీటిలోకి వదిలేయడం తరచుగా జరుగుతూ ఉంటుంది. దీనివల్ల కలిగే హాని పెద్దది. దాన్ని తప్పించే మార్గం మాత్రం కష్టమైనది కాదు. ముందు ఖాళీ చేసే చోటు చూసుకోవాలి. తరువాత ట్యాంకు చూసుకోవాలి. కమోడ్ సంగతి చివరన చూసుకోవాలి. ఈ వరుసను శ్రోతలు మనసులో ఉంచుకుంటే, ఇకమీద చెప్పబోయే వివరాలన్నీ దాని చుట్టూనే అమరుతాయి.

నేల మీద కట్టిన ఇంట్లో ఈ వరుసతో పని లేదు. అక్కడ కమోడ్ నుంచి వెళ్ళినది పెరట్లోని సెప్టిక్ ట్యాంకులోకో, వీధి మురుగు కాలువలోకో చేరుతుంది. ఇంటివారు దాన్ని గురించి చాలా కాలం తలచుకోనక్కర లేదు. పడవ కింద నేల లేదు. అందుచేత పడవలో పుట్టిన మలినం చుట్టూ ఉన్న నీటిలోకైనా పోవాలి, లేదా పడవ దాన్ని తనతో మోసుకుపోయి ఒడ్డునైనా దించాలి. పడవలోనే శుద్ధి చేసే పరికరాలు ఉన్నమాట నిజమే అయినా, శుద్ధి తరువాత మిగిలే నీరు కూడా చివరకు ఈ రెండు దారుల్లో ఒకదాన్నే పట్టవలసి ఉంటుంది.

మలినాన్ని నీటిలోకి వదలడం ఎందుకు కూడదో గోదావరి ఒడ్డున నివసించే శ్రోతలకు తెలియనిది కాదు. పాపికొండల విహారానికి లాంచీలు తిరిగే నీరే దిగువకు వచ్చి రాజమహేంద్రవరం ప్రజలకు తాగునీరవుతుంది. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ధవళేశ్వరం దగ్గర కాలువల్లోకి మళ్ళుతున్న ఆ నీటితోనే డెల్టా గ్రామాల మంచినీటి చెరువులు ఎన్నో నిండుతున్నాయి. వరద కాలంలో నది అన్నిటినీ ఈడ్చుకుపోతుంది గనుక దోషం కంటికి కనిపించదు గాని, వేసవిలో ప్రవాహం సన్నగిల్లి ఆనకట్టకు ఎగువన నీరు దాదాపు కదలకుండా నిలిచినప్పుడు, పడవ వదిలినది ఆ పరిసరాల్లోనే తిరుగాడుతుంది. కేరళలోని వెంబనాడు సరస్సు పరిస్థితి ఇంకా క్లిష్టమైనది. ఉప్పునీరు వరి పొలాల్లోకి రాకుండా తన్నీర్‌ముక్కం దగ్గర 1970వ దశకంలో అడ్డుకట్ట పూర్తిచేశారు. దాని తలుపులు మూసి ఉన్న నెలల్లో సముద్రపు ఆటుపోట్లు సరస్సు దక్షిణ భాగాన్ని కడగలేవు; వందల సంఖ్యలో హౌస్‌బోట్లు తిరిగేది మాత్రం ఆ భాగంలోనే. కోనసీమలో వశిష్ఠ పాయ మీద దిండి దగ్గర హౌస్‌బోట్లు నడిపేవారు, నడపదలచినవారు వెంబనాడు అనుభవాన్ని శ్రద్ధగా పరిశీలించడం మంచిది.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. ఓడల వల్ల కలిగే కాలుష్యాన్ని నివారించడానికి ప్రపంచ దేశాలు చేసుకున్న మార్పోల్ అనే ఒప్పందంలో నాలుగవ అనుబంధం మురుగుకు సంబంధించినది. అది 2003 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడల్లో 400 టన్నులు గాని అంతకు మించి గాని స్థూల పరిమాణం గలవాటికి, అంతకంటే చిన్నవే అయినా 15 మందికి మించి మనుషులను తీసుకుపోయేవాటికి అది వర్తిస్తుంది. నూరి, క్రిమిసంహారం చేసిన మురుగును తీరానికి 3 నాటికల్ మైళ్ళ అవతల, అంటే సుమారు ఐదున్నర కిలోమీటర్ల అవతల మాత్రమే వదలాలనీ, ఏ శుద్ధీ చేయని మురుగునైతే 12 నాటికల్ మైళ్ళు దాటాక, అంటే 22 కిలోమీటర్లు దాటాక, అదీ ఓడ గంటకు 4 నాటికల్ మైళ్ళకు తగ్గని వేగంతో సాగుతూ ఉండగా కొద్దికొద్దిగా మాత్రమే వదలాలనీ దాని సాధారణ నియమం. మన నదుల్లో, కాలువల్లో, జలాశయాల్లో ఇంజనుతో నడిచే పడవలకు 2021 నాటి అంతర్దేశీయ జలయానాల చట్టం ఉన్నది. 1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఈ చట్టం పడవల వల్ల నీరు కలుషితం కాకుండా చూసే నియమాల్లో మురుగును కూడా చేర్చింది. ఏ నది మధ్యలో నిలిచినా ఒడ్డు 12 నాటికల్ మైళ్ళ దూరంలో ఉండదు గనుక, సముద్రపు వెసులుబాటు నది పడవకు ఎన్నటికీ వర్తించదు. నది పడవకు ఒడ్డే గతి.

ఒడ్డు గతి అయినప్పుడు, ఒడ్డున ఏమున్నదో ముందుగా చూసుకోవాలి. పడవ రోజూ కట్టే రేవులో మురుగును పీల్చి తీసుకునే పంపు ఉన్నదా? సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసే లారీ రేవు దాకా రాగల దారి ఉన్నదా? లారీ రాలేకపోతే, చేతితో మోసుకుపోయి పారబోయగల మరుగుదొడ్డి నడక దూరంలో ఉన్నదా? పడవ యజమాని కమోడ్ ధర అడగడానికి ముందు తనను తాను అడగవలసిన ప్రశ్నలు ఇవి. ముందు ఖాళీ చేసే చోటు అన్న మాటకు అర్థం ఇదే.

ఇంగ్లండు కాలువల్లో ఈ ప్రశ్నకు ఏనాడో స్థిరమైన జవాబు దొరికింది. కెనాల్ అండ్ రివర్ ట్రస్టు అనే సంస్థ సుమారు 2,000 మైళ్ళ జలమార్గాలను నిర్వహిస్తున్నది. వాటి మీద ఇరుకు పడవల్లోనే ఏడాది పొడవునా కాపురముండే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మలాన్ని కాలువలోకి వదలడానికి అక్కడ అనుమతి లేదు. అందుచేత అక్కడివారు ప్రధానంగా రెండు పద్ధతులను అనుసరిస్తారు. మొదటిదాంట్లో పడవ అడుగున పెద్ద ట్యాంకు ఉంటుంది. దాన్ని కొన్ని వారాలకొకసారి రేవులోని పంపుతో, రుసుము చెల్లించి, ఖాళీ చేయిస్తారు. రెండవదాన్ని క్యాసెట్ మరుగుదొడ్డి అంటారు. అందులో కమోడ్ కింద సుమారు 20 లీటర్లు పట్టే పెట్టె ఉంటుంది. అది నిండగానే బయటకు లాగి, పిడి పట్టుకుని మోసుకుపోయి, కాలువ గట్టున ఇందుకోసమే కట్టిన తొట్టిలో పారబోసి, కడిగి, మళ్ళీ అమరుస్తారు. ఇద్దరు మనుషులకు ఒక పెట్టె రెండు మూడు రోజులు వస్తుంది. రెండో పెట్టె ఒకటి దగ్గర ఉంచుకుంటే అంతకు రెట్టింపు కాలం నిశ్చింతగా ఉండవచ్చు. చలికి కాలువ గడ్డకట్టి పంపు దాకా పడవ వెళ్ళలేని రోజుల్లో పెద్ద ట్యాంకు నిండిపోతే చేసేదేమీ ఉండదు. చేతిపెట్టెను మాత్రం గట్టు వెంట నడిచి వెళ్ళి ఖాళీ చేసుకోవచ్చు. చిన్న పడవకు, తక్కువ మందికి ఈ చేతిపెట్టె పద్ధతే మేలైనదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. అందులో పడవ అడుగుకు రంధ్రం పెట్టనక్కర లేదు, పొడవాటి గొట్టాలు లేవు, చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు.

ఆ కాలువల మీదనే మూడవ పద్ధతి ఒకటి కొన్నేళ్ళుగా ప్రచారంలోకి వచ్చింది. అది మూత్రాన్నీ మలాన్నీ వేరువేరు పాత్రల్లోకి మళ్ళించే పొడి మరుగుదొడ్డి. మూత్రం ముందుభాగంలోని సీసాలోకి పోతుంది. మలం వెనుక భాగంలో కొబ్బరి పొట్టు నింపిన డబ్బాలో పడుతుంది. పిడి తిప్పితే పొట్టూ మలమూ కలిసి, తేమ పోయి, చిన్న ఫ్యాను లాగే గాలికి ఆరుతాయి. రెండూ కలవకపోవడం వల్లనే దుర్వాసన చాలా వరకు తగ్గుతుంది. కొబ్బరి పీచు తీయగా మిగిలే పొట్టు కోనసీమ వాసులకు కొత్త వస్తువు కాదు; ఇక్కడి పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా కనిపించే అటువంటి పొట్టునే ఇటుకలుగా అదిమి, దూరదేశపు పడవల వారు ఈ పనికి కొనుక్కుంటారు. అయితే ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉన్నది. డబ్బాలో కొన్ని వారాలు ఉన్నంత మాత్రాన అది ఎరువు కాదు, ఆరిన మలమే. అందులోని రోగక్రిములు, పురుగుల గుడ్లు నశించడానికి వెచ్చని ప్రదేశాల్లో సైతం ఏడాదికి పైగా నిల్వ అవసరం. పడవ మీద అంత కాలం నిల్వ చేసేందుకు చోటుండదు. చాలామంది దాన్ని సంచుల్లో కట్టి గట్టున ఉన్న చెత్త తొట్లలో వేయడం మొదలుపెట్టగా, తన తొట్లలో వేయడానికి వీల్లేదని ట్రస్టు ప్రకటించవలసి వచ్చింది. ఖాళీ చేసే చోటును ముందుగా ఆలోచించకుండా పరికరాన్ని కొన్నవారికి ఎదురైన ఇబ్బంది ఇది. సొంత తోట ఉండి, అక్కడ ఏడాది రెండేళ్ళు ఆగగలిగిన వారికి మాత్రం ఇది చక్కని పద్ధతి.

మన దేశంలో దీన్ని అమర్చదలచినవారు మరొక సంగతి గమనించాలి. ఆ పరికరాలను కాగితంతో తుడుచుకునే అలవాటు గలవారి కోసం రూపొందించారు. మనవారు నీటితో కడుక్కుంటారు. మనిషి మనిషికీ పోసే ఆ నీరు పొట్టులోకి దిగితే, పొడిగా ఉండవలసినది బురదగా మారి రెండు రోజుల్లోనే కంపు కొడుతుంది. కడుక్కునే చోటు వేరుగా ఏర్పాటు చేసి, ఆ నీటిని ప్రత్యేకమైన చిన్న ట్యాంకులోకి మళ్ళించగలిగితే తప్ప, తెలుగువారు ప్రయాణించే పడవకు పొడి మరుగుదొడ్డి సరిపడదు. విదేశపు పుస్తకంలోని ట్యాంకు లెక్కలను యథాతథంగా తీసుకోవడం కూడా ఇందుకే పొరపాటవుతుంది. మన లెక్కలో కడిగే నీరు చేరి తీరాలి.

ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం. పొద్దున బయలుదేరి సాయంత్రం తిరిగివచ్చే విహార లాంచీలో 60 మంది ఉన్నారనీ, ఒక్కొక్కరు రెండుసార్లు మరుగుదొడ్డికి వెళ్ళారనీ అనుకుంటే, మొత్తం 120 సార్లు. ఫ్లష్‌కు 2 లీటర్లు, కడుక్కోవడానికి ఒక లీటరు, శరీరం నుంచి వచ్చేది మరి కాస్త కలిపి సారికి మూడు లీటర్ల పైచిలుకు. అంటే సాయంత్రానికి సుమారు 400 లీటర్లు చేరుతుంది. బకెట్టు పెట్టి చెంబులతో పోసుకునే ఏర్పాటైతే ఇది రెట్టింపు కావచ్చు. ట్యాంకు అంచు దాకా నిండకూడదు గనుక 500 లీటర్లకు తక్కువ గల ట్యాంకు ఈ లాంచీకి చాలదు. లీటరు నీరు కిలో బరువు తూగుతుంది; 500 లీటర్లంటే అర టన్ను, అంటే ఏడెనిమిది మంది ప్రయాణికుల బరువు. అందుచేత ట్యాంకు పడవ మధ్యగీత మీద, వీలైనంత కిందుగా ఉండాలి. సగం నిండినప్పుడు లోపలి నీరు ఒక పక్క నుంచి మరో పక్కకు పరుగెత్తి పడవను ఒరగదీయకుండా లోపల అడ్డుపలకలు ఉండాలి. ప్రయాణికుల సంఖ్యను నిర్ణయించే సర్వేయరుకు ఈ బరువు సంగతి ముందే తెలియజేయాలి. పాత లాంచీలో కొత్తగా ట్యాంకు పెట్టించేటప్పుడు చాలామంది ఈ పని చేయరు. ప్రాణాలతో ముడిపడిన విషయం గనుక దీన్ని గట్టిగా చెప్పవలసి ఉన్నది.

ట్యాంకును ఇనుముతో చేస్తే తుప్పు పట్టి చిల్లు పడుతుంది. మూత్రంలోని లవణాలు స్టెయిన్‌లెస్ స్టీలులో సైతం అతుకుల దగ్గర పని చేస్తాయి. మందపాటి పాలిథిలిన్ ప్లాస్టిక్‌తో చేసిన ట్యాంకు దీర్ఘకాలం మన్నుతుంది. ట్యాంకు నుంచి పడవ బయటకు గాలి గొట్టం ఒకటి తప్పనిసరి. అది ఎంత వెడల్పుగా, ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. రెండు గొట్టాలు చెరొక పక్కకు ఉంటే మరీ మంచిది. గాలి ఆడే ట్యాంకులో ప్రాణవాయువుతో బతికే సూక్ష్మజీవులు వృద్ధి చెంది మలినాన్ని పెద్దగా వాసన లేకుండా విడగొడతాయి. గాలి ఆడని ట్యాంకులో ప్రాణవాయువు లేకుండా బతికేవి పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును పుట్టిస్తాయి. కుళ్ళిన గుడ్డు కంపు దానిదే. ఆ వాయువు ఎక్కువైతే వాసన పసిగట్టే శక్తిని ముందుగా చంపి, ఆ తరువాత మనిషిని చంపుతుంది. అందుచేత ట్యాంకు ఎంత చిన్నదైనా, ఎంత ఖాళీగా ఉన్నా, శుభ్రం చేయడానికి మనిషిని లోపలికి దింపకూడదు. సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దింపి ప్రమాదకరమైన పని చేయించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం ఊపిరాడక పోయిన ఎందరో కార్మికుల మరణాల తరువాత వచ్చినది. పై నుంచే నీటిధారతో కడగడానికి వీలుగా ట్యాంకు మూతను పెద్దదిగా పెట్టించుకుంటే దిగే అవసరమే రాదు.

ఇక్కడ బయో డైజెస్టర్ గురించి కొంత చెప్పుకోవాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ రూపొందించగా మన రైలు పెట్టెల కిందికి వచ్చిన బయో మరుగుదొడ్ల పేరు శ్రోతలు విని ఉంటారు. వాటి ట్యాంకుల్లో ప్రాణవాయువు లేకుండా బతికే సూక్ష్మజీవులను ఉద్దేశపూర్వకంగానే పెంచుతారు. అవి మలాన్ని నీరుగా, వాయువులుగా విడగొడతాయి. తెలుగు ప్రాంతపు వేడి వాటికి అనుకూలమే. ఆ సూత్రం పడవకూ పనికివస్తుంది గాని, దానికి రెండు షరతులున్నాయి. సూక్ష్మజీవులు పని చేయడానికి రోజుల వ్యవధి కావాలి గనుక కొద్దిమంది ఎక్కువ రోజులు ఉండే హౌస్‌బోటుకు అది తగినది. ఒక్క పూటలో అరవై మంది వాడే లాంచీలో, మలినం విడివడడానికి ముందే బయటకు నెట్టుకు వస్తుంది. ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్ పొడి వంటివి దానిలో పోస్తే ఆ సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. దాని నుంచి వచ్చే నీరు తేటగా కనిపించినా తాగునీటి వనరులోకి వదలదగినది కాదు. దాన్ని కూడా ట్యాంకులో పట్టి ఒడ్డుకు చేర్చడమే క్షేమం.

ముందు ఖాళీ చేసే చోటు, తరువాత ట్యాంకు. ఈ రెండూ తేలాయి గనుక ఇప్పుడు కమోడ్ దగ్గరకు రావచ్చు. సముద్రపు పడవల్లో ఎక్కువగా కనిపించేది చేతిపంపు కమోడ్. పక్కనున్న పిడిని పైకీ కిందికీ ఆడిస్తే, పంపు ఒక గొట్టంతో బయటి నీటిని కమోడ్‌లోకి లాగి, మరొక గొట్టంతో మలినాన్ని ట్యాంకుకు నెడుతుంది. ఈ పంపుకు నీరు కావాలంటే పడవ అడుగున, నీటిమట్టానికి కింద, ఒక రంధ్రం పెట్టాలి. ఆ రంధ్రానికి బిగించిన వాల్వు పడవకు ప్రాణాధారమని గుర్తించాలి. పీపాలోని కిరసనాయిలును రబ్బరు గొట్టంతో సీసాలోకి దించేటప్పుడు ఒక్కసారి నోటితో పీల్చి వదిలితే, ఆ తరువాత ఎవరి ప్రమేయమూ లేకుండా ధార సాగుతూనే ఉండడం శ్రోతల్లో పెద్దవారు చూసే ఉంటారు. కమోడ్ నీటిమట్టానికి కిందుగా ఉన్న పడవలో సరిగ్గా అదే జరగవచ్చు. పంపు ఆపి మనిషి వెళ్ళిపోయిన తరువాత కూడా బయటి నీరు గొట్టం వెంట లోపలికి వస్తూనే ఉండి, కమోడ్ నిండి పొర్లి, తెల్లవారేసరికి రేవులో కట్టిన పడవ మునిగిపోయిన సందర్భాలున్నాయి. దీనికి నివారణ ఏమిటంటే, గొట్టాన్ని నీటిమట్టానికి బాగా పైకి వంపు తిప్పి, ఆ వంపు శిఖరాన గాలిని లోపలికి రానిచ్చే చిన్న వాల్వు పెట్టడం. గాలి చొరబడగానే ధార తెగిపోతుంది. అది ఉన్నా సరే, పడవ దిగి వెళ్ళే ప్రతిసారీ అడుగు వాల్వును మూసి వెళ్ళాలి.

నీటి కింది రంధ్రం ఎంతటి ప్రమాదకారి కాగలదో చెప్పడానికి రెండవ ప్రపంచ యుద్ధంలోని ఒక ఘటన చాలు. జర్మనీకి చెందిన యూ-1206 అనే జలాంతర్గామిలో, లోతు నీటిలో సైతం మలినాన్ని బయటకు నెట్టగల అధిక పీడనపు మరుగుదొడ్డి ఉండేది. దాని వాల్వులను తిప్పే వరుస చిక్కైనది. 1945 ఏప్రిల్ 14న స్కాట్లండ్ తీరానికి సమీపంలో ఆ మరుగుదొడ్డి నుంచి సముద్రపు నీరు లోపలికి ఎగదన్నింది. ఆ నీరు కింద ఉన్న బ్యాటరీలను చేరగా క్లోరిన్ వాయువు పుట్టింది. గత్యంతరం లేక పైకి తేలిన జలాంతర్గామి శత్రువుల కంటబడి దాడికి గురైంది; చివరకు నావికులు దాన్ని వదిలి తామే ముంచివేయవలసి వచ్చింది. నలుగురు ప్రాణాలు కోల్పోయారు. మన నదుల్లో తిరిగే పడవలకు అంత లోతు లేదు, అంత పీడనం లేదు. అయినా వాల్వుల వరుస తెలియనివారి చేతికి పిడి ఇవ్వకూడదన్న నియమం వాటికీ వర్తిస్తుంది. ప్రయాణికులు ఎక్కే పడవలో ఏది తిప్పాలో, ఏది తిప్పకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, బొమ్మతో సహా గోడకు అంటించాలి. ప్రతి అడుగు వాల్వు పక్కన, వాల్వు విరిగితే రంధ్రంలో దిగగొట్టడానికి, కొస సన్నగా చెక్కిన మెత్తని కర్ర బిరడా ఒకదాన్ని తాడుతో కట్టి ఉంచాలి.

ఇక సంరక్షణ. పడవ మరుగుదొడ్లలో వచ్చే ఇబ్బందుల్లో అధిక భాగం గొట్టాల్లో నిలిచిపోయే మలినం వల్లనే వస్తాయి. సాధారణంగా వాడే 38 మిల్లీమీటర్ల గొట్టం ఒక మీటరు పొడవున లీటరుకు కొంచెం పైగా పడుతుంది. కమోడ్ నుంచి ట్యాంకుకు మూడు మీటర్ల గొట్టం ఉంటే, మూడు లీటర్లకు పైగా నీరు నెడితే తప్ప మలినం ట్యాంకు చేరదు. కమోడ్ శుభ్రంగా కనిపించింది కదా అని నాలుగుసార్లు పంపు కొట్టి ఆపేస్తే, మిగిలినది గొట్టంలోనే ఉండి గోడలకు పట్టుకుంటుంది. గొట్టం పొట్టిగా ఉండేలా ట్యాంకును కమోడ్‌కు దగ్గరగా పెట్టించుకోవడం, గొట్టం ఖాళీ అయ్యేదాకా ఓపికగా పంపు కొట్టడం, ఈ రెండూ చేయవలసినవి. ఎన్నిసార్లు కొట్టాలో ఒక్కసారి లెక్క చూసుకుని గోడ మీద రాస్తే ప్రయాణికులకు కూడా తెలుస్తుంది.

సముద్రపు నీటితో ఫ్లష్ చేసే పడవల్లో మరొక చిక్కు ఉన్నది. మూత్రమూ ఉప్పునీరూ కలిసినచోట సున్నం వంటి గట్టి పొర గొట్టం లోపల పేరుకుంటూ పోయి, కొన్నేళ్ళకు దారి సగానికి సగం మూసుకుపోతుంది. వారానికొకసారి రాత్రివేళ కొంచెం వెనిగర్ పోసి, గొట్టంలోకి వెళ్ళేదాకా పంపు కొట్టి, తెల్లవారాక మంచినీటితో కడిగితే ఆ పొర గట్టిపడకుండా ఉంటుంది. ముదిరిన పొరకు ఘాటైన యాసిడ్ అవసరమవుతుంది; అది తెలిసినవారు చేయవలసిన పని. బ్లీచింగ్ ద్రావణంతో కడిగిన వెంటనే యాసిడ్ పోయడం ఎన్నటికీ చేయకూడదు. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. పడవను కొన్నాళ్ళు రేవులో వదిలి వెళ్ళేటప్పుడు లోపలికి నీరు తెచ్చే గొట్టంలో కూడా మంచినీరు నింపి వెళ్ళాలి. ఉప్పునీటిలోని సూక్ష్మ ప్రాణులు గొట్టంలో చచ్చి కుళ్ళడం వల్లనే, తిరిగి వచ్చి మొదటిసారి పంపు కొట్టగానే గుప్పుమని కంపు వస్తుంది. దాన్ని చూసి ట్యాంకు చెడిందనుకుని ట్యాంకును మార్చేవారున్నారు. తప్పు ట్యాంకుది కాదు.

వాసన ఎక్కడి నుంచి వస్తున్నదో తేల్చడానికి పాతకాలపు సులువైన పరీక్ష ఒకటి ఉన్నది. శుభ్రమైన గుడ్డను వేడినీటిలో ముంచి పిండి, గొట్టం చుట్టూ కాసేపు చుట్టి ఉంచి, తీసి వాసన చూడాలి. గుడ్డకు కంపు పట్టి ఉంటే గొట్టం గోడలే మలినపు వాసనను పీల్చుకున్నాయని అర్థం. అటువంటి గొట్టాన్ని ఎంత కడిగినా ఫలితం ఉండదు, మార్చవలసిందే. ఆ గొట్టం మురుగు కోసం ప్రత్యేకించి చేసినదై ఉండాలి. తోటకు నీళ్ళు పెట్టే పలుచని గొట్టం కొన్ని నెలల్లోనే వాసన వదులుతుంది.

కమోడ్ నుంచి బయటకు పోయే చోట, మలినం వెనక్కి రాకుండా ఆపే మెత్తని రబ్బరు వాల్వు ఒకటి ఉంటుంది. కమోడ్‌లోకి మురికి నీరు తనంతట తాను పైకి వస్తూ ఉంటే ఆ రబ్బరు సాగిందనో, పగిలిందనో గ్రహించాలి. దాన్ని ఏడాదికొకసారి మార్చుకోవాలి. విడి రబ్బరు ఒకటి, పంపు వాషర్ల జత ఒకటి పడవలోనే ఉంచుకోవాలి. ఫినాయిలు వంటి ఘాటైన ద్రవాలు ఈ రబ్బరును ఉబ్బిస్తాయి. ట్యాంకులో మేలు చేసే సూక్ష్మజీవులను కూడా అవి చంపుతాయి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్నదని చూపడానికి మనవారు వాడే వస్తువు పడవలో మరుగుదొడ్డిని పాడుచేస్తుందన్నది నమ్మడానికి కష్టమే అయినా నిజం. కమోడ్ గిన్నెను కొద్దిపాటి సబ్బునీటితో, బ్రష్షుతో కడిగితే సరిపోతుంది. అడుగు వాల్వును నెలకొకసారైనా మూసి తెరుస్తూ ఉండాలి. ఏడాది పాటు కదల్చని వాల్వు అవసరమైన రోజున కదలదు. గొట్టం మూతుల దగ్గర తుప్పు పట్టని క్లిప్పులు రెండేసి ఉండాలి.

కమోడ్‌లో ఏది వేయకూడదో ప్రయాణికులకు చెప్పే బాధ్యత సరంగుదీ, సిబ్బందిదీ. మనిషి నోట తిని అరిగించుకున్నది, దాన్ని కడిగిన నీరు, ఈ రెండే అందులోకి పోవాలి. నెలసరి ప్యాడ్లు, పిల్లల డైపర్లు, గుట్కా పొట్లాలు, తడి కాగితాలు ఏవి పడినా పంపు ఆగిపోతుంది. ఆగిన పంపును విప్పి బాగుచేయవలసింది ఒక మనిషి చేతులు. మూతపెట్టిన చెత్తబుట్ట ఒకటి మరుగుదొడ్డి లోపలే ఉంచితే ఈ బెడద చాలా వరకు పోతుంది. లోపల బుట్ట లేనప్పుడు, ముఖ్యంగా స్త్రీలకు, కమోడ్ తప్ప వేరే చోటు మిగలదు; అప్పుడు వారిని తప్పుపట్టడం న్యాయం కాదు.

చివరగా చేపలవేట పడవల సంగతి. విశాఖపట్నం వంటి రేవుల నుంచి రోజుల తరబడి వేటకు వెళ్ళే మరపడవలు చాలావాటిలో మరుగుదొడ్డి గదే ఉండదు. ఊగుతున్న పడవ అంచున, రాత్రివేళ, ఒంటిచేత్తో తాడు పట్టుకుని కూర్చోవడం ఎంత ప్రమాదమో ఆ పని చేసేవారికి తెలుసు. అటువంటి పడవకు పంపులు, రంధ్రాలు ఉన్న ఖరీదైన ఏర్పాటు అవసరం లేదు. చుక్కాని గది వెనుక, పడవ ఊగినా పడిపోకుండా రెండు పక్కలా పట్టుకమ్మీలు, లోపలి నుంచి గడియ ఉన్న చిన్న గది కట్టి, నేలకు బిగించిన క్యాసెట్ మరుగుదొడ్డి పెట్టుకోవచ్చు. ఏడెనిమిది మందికి ఒక పెట్టె ఒక రోజు కూడా రాదు గనుక, వేట తీరానికి దగ్గరలో సాగే రోజులకు నాలుగైదు పెట్టెలు కావాలి. 12 నాటికల్ మైళ్ళు దాటిన తరువాత పడవ సాగుతూ ఉండగా వాటిని ఖాళీ చేసుకోవచ్చు. రేవుకు తిరిగివచ్చేటప్పుడు మిగిలిన పెట్టెలను దించి పారబోయడానికి, చేపలు దించే వేదికకు దూరంగా, నీటి కుళాయి ఉన్న తొట్టి ఒకటి రేవులో ఉండాలి. దాన్ని మురుగు కాలువకు కలపాలి. పడవ యజమానుల సంఘాలు రేవు అధికారులను మొదట అడగవలసింది ఆ తొట్టినే. అది కట్టిన తరువాత పెట్టెలు కొనవచ్చు.